మేస్త్రమ్మ కింద పని

మా అత్తవారి ఊరు చీపురుపల్లికీ శ్రీకాకుళానికీ మధ్య, బస్సు రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఊరికి దిగువన పేట. పేటలో అందరూ బాప్టిస్టు చర్చికి వెళ్లేవాళ్లు, మా పొలాల్లో పని చేసేవాళ్లు. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో ఊడ్పులు వచ్చాయంటే మా మామగారు పొద్దున్నే పేట మొదట్లో నిలబడి ఒక్క కేక వేసేవారు. ఆడవాళ్లు కొంగులు బిగించుకుంటూ వచ్చేసేవారు. మా పుట్టింట్లోనూ అంతే కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

తర్వాత కొన్నేళ్లకి ఆ కేకకి పలికేవాళ్లు తగ్గిపోయారు. పేట నుంచి ముందుగా ఒక మొగుడూ పెళ్లాం హైదరాబాదు వెళ్లారు. ఆయన తాపీ పని నేర్చుకున్నాడు. ఆమె చురుకైన మనిషి, కొద్ది కాలంలోనే ఆడకూలీల మీద మేస్త్రీ అయింది. అంతకుముందు మా కళ్లంలో గడ్డి ఎత్తి, నన్ను "కోడలమ్మా" అని పిలిచిన మనిషే. క్రిస్మసుకి ఊరొచ్చినప్పుడల్లా నలుగురైదుగురిని వెంట తీసుకెళ్లేది. పేటలో ఒక్కొక్కటిగా శ్లాబు ఇళ్లు లేచాయి. చర్చికి కొత్తగా సున్నం పడింది. అందరూ ఆమెను మేస్త్రమ్మ అనడం మొదలుపెట్టారు. మా ఇంట్లో తప్ప.

ఒక ఏడు ఊడ్పుల సమయానికి పేటలో ముసలివాళ్లూ పిల్లల తల్లులూ తప్ప ఎవరూ మిగలలేదు. నారు ముదిరిపోతోంది. మా మామగారు రాజాం వైపు నుంచి ట్రాక్టరు మీద ఆడవాళ్లను తెప్పించారు. వాళ్లు ఎడం ఎడంగా నాటి చీకటి పడకుండానే వెళ్లిపోయారు. ఆ సాయంత్రం రామమందిరం అరుగు మీద ఊళ్లో రైతులంతా కూడారు. పేట మేకలు మా పొలాల్లోకి రాకూడదన్నారు. మా గట్ల మీద గడ్డి కొయ్యకూడదన్నారు.

మా మామగారు అంతటితో ఆగలేదు. పేట నుంచి బస్సు రోడ్డుకీ, దాని అవతల వాళ్ల శ్మశానానికీ దగ్గర దారి మా పొలం గట్టు మీదుగా పోతుంది. ఎన్నో తరాలుగా వాళ్లు నడుస్తున్న దారి. ఆ గట్టుకి అడ్డంగా తుమ్మకంప వేయించారు. "అది మన పట్టా. మన వరి ఊడవడానికి రానోళ్లకి మన గట్టెందుకు?" అన్నారు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ.

అప్పట్నుంచి పేటవాళ్లు గెడ్డ, అంటే వాగు, దాటి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. మా పెరట్లోంచి చూస్తే వాళ్లు కనిపించేవారు. చంకలో పిల్లలతో, నెత్తిన సంచులతో, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డలోకి దిగేవారు. నేను బట్టలు ఆరేస్తూ చూసి లోపలికి వచ్చేసేదాన్ని. మా అత్తగారు చూసేవారు కాదు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాదే మాకు తుఫాను వచ్చింది. పొట్ట మీదున్న వరి నీళ్లలో పడుకుండిపోయింది. మరుసటేడు వానే లేదు. మా ఆయన డిగ్రీ చదివారు గానీ పొలమే చూసుకునేవారు. గరివిడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి తిరిగారు, దొరకలేదు. చివరికి ఒకరోజు హైదరాబాదులో తెలిసినవాళ్ల కంపెనీలో సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చిందని చెప్పి బ్యాగు సర్దుకున్నారు. మా మామగారు ఆ సంగతి అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పారు. "మావోడు ఆఫీసులో ఉంటాడు. ఏసీలో" అన్నారు. ఆ ఏసీ మాట ఆయన సొంతంగా కలుపుకున్నది.

కొన్నాళ్లకి మా ఆయన నాకు ఫోను చేశారు.

"నువ్వు కూడా వచ్చీయి. ఆలుమగలకయితే ఉండడానికి షెడ్డు ఇస్తారు."

"షెడ్డేటి? ఎవుల కింద పని?"

ఫోను పట్టుకుని పక్కకి నడిచినట్టున్నారు. తర్వాత, "మనూరోళ్ల కిందే" అన్నారు.

అక్కడికి వెళ్లాక తెలిసింది. తెలిసినవాళ్లూ లేరు, కంపెనీ లేదు. రోజూ లేబరు అడ్డాలో నిలబడేవారట. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని నిలబడితే ఎవరు పనికి పిలుస్తారు? పేట మనిషి ఒకతను బస్సులో పోతూ చూసి, దిగి వచ్చి, మేస్త్రమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఏమీ అడగకుండా మర్నాటి నుంచి కాంక్రీటు పనిలో పెట్టింది.

మియాపూర్ అవతల అపార్ట్‌మెంట్లు కడుతున్న చోటు అది. రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. నేను బ్యాగు పట్టుకుని వెళ్లేసరికి మేస్త్రమ్మ ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. నన్ను చూసి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆగిపోయింది.

"ఓలమ్మా, కోడలమ్మే!" అంది. వెంటనే నవ్వేసింది. "ఇక్కడ అలగ పిలిస్తే జనం నవ్వుతారు. నిన్నేటని పిలవమంటావు?"

నేను బ్యాగు కింద పెట్టాను.

"నీకంటే నాను పెద్దదాన్నే. గుంటా అంటాను. పడతావేటి?"

గుంట అంటే మా వైపు చిన్నపిల్ల. "పడతాను" అన్నాను.

ఆమెను నేనేమని పిలవాలన్నది ఇంకా కష్టమైంది. మా ఇంట్లో ఆమెను "ఒసే" తప్ప వేరేగా పిలిచినవాళ్లు లేరు. మా వైపు అక్కను అప్ప అంటాం. "అప్పా" అనే మాట నోటిదాకా వచ్చేది, పెదవి దాటేది కాదు. తోటి ఆడవాళ్లంతా వింటున్నారు. ఊళ్లో అనని మాట అవసరం కొద్దీ ఇక్కడ అంటే వాళ్లకి తెలియదా? అందుకని చాలా రోజులు ఆమెను ఏమీ పిలవకుండా గడిపాను. ఏదైనా అడగాలంటే ఎదురుగా వెళ్లి, ఆమె నావైపు తిరిగేదాకా నిలబడేదాన్ని.

మొదట్లోనే ఒక మధ్యాహ్నం ఆడవాళ్లంతా చింతచెట్టు కింద గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పారు. నేను కాస్త దూరంగా, గోడవారన కూర్చున్నాను. మేస్త్రమ్మ అది చూసి లేచి వచ్చింది.

"ఏటే గుంటా, మా పక్కన కూసుంటే నీ అన్నం మైలపడిపోతాదేటి?"

అందరూ నావైపు తిరిగారు. నేను చేతులు కొంగులోంచి బయటికి తీశాను. పొద్దున్నుంచి సిమెంటు మాలు ఒట్టి చేతులతో ఎత్తాను. వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది. పులుసు తగిలితే భగ్గున మండుతోంది. అన్నం కలుపుకోలేక, అది వాళ్లు చూడకూడదని దూరంగా కూర్చున్నాను. అత్తవారింట్లో నేను ఊడ్పుల ఆడవాళ్లకి అంబలి పోసేదాన్ని. ఏ ఒక్కరి చేతులూ ఎలా ఉండేవో ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా గుర్తుకు రావడం లేదు.

మేస్త్రమ్మ నా చేతులు చూసి తిట్టింది. "సేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకోమని ఎవులూ సెప్పలేదేటి దీనికి? నోర్లు పడిపోయినాయేటి?" అని మిగతావాళ్ల మీద అరిచింది. ఎవరో చెంచా ఇచ్చారు. ఆ చెంచాతో, వాళ్ల మధ్య కూర్చుని, తల ఎత్తకుండా తిన్నాను. నన్నెవరూ ఓదార్చలేదు. ఓదార్చితే ఏడ్చేదాన్నేమో.

ఆ సైటుకి గేటు దగ్గర ఒక సెక్యూరిటీ అతను ఉండేవాడు. మా అందరినీ ఒకటే పిలుపు: "ఏయ్ శ్రీకాకుళం!" మగా ఆడా, ఊరూ పేటా, ఏమీ లేదు. సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు సంచులు విప్పి చూసేవాడు. ఒకసారి మా ఆయన సంచి గుమ్మరించి, ఏమీ దొరక్క, "పోరా శ్రీకాకుళం" అన్నాడు. మా ఆయన ముఖం నల్లబడింది. "నాను రైతుని" అన్నారు. అతను అర్థం కానట్టు చూశాడు. వెనక వరసలో ఉన్న పేట కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ రాత్రి ఆయన తినలేదు. గోడవైపు తిరిగి పడుకుని, "ఆళ్లూ నాను ఒకటే అయిపోయినామా" అన్నారు. నాకు జాలేసింది. ఆ జాలి వెనకే సిగ్గు కూడా వేసింది. 'ఆళ్లు' రేకుకి అవతలే పడుకుని ఉన్నారు. మాటలు అటు వినిపిస్తాయి.

మా ఆయన మేస్త్రమ్మను కోరుకున్నది ఒక్కటే. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని. ఆమె వక్క నములుతూ, "సెప్పుకుంటే మాకొచ్చేదేటి ఉన్నాది బాబూ? మా పనోళ్ల సంగతి మా కాడే ఉంటాది" అంది. పేటంతా ఆ మాట నిలబెట్టింది. వాళ్లలో వాళ్లు ఎంత నవ్వుకున్నారో గానీ ఊరివైపు చిన్న మాట కూడా పొక్కలేదు. మా మామగారు ఫోను చేసినప్పుడు మా ఆయన సైటు గోల వినపడకుండా వెనక్కి, గోతుల అవతలికి పరిగెత్తేవారు. నేను ఎదురుగా ఇటుకలు మోస్తూ చూసేదాన్ని. చెవికి ఫోను ఆనించుకుని, బురద కాళ్లతో, "ఆఫీసులోనే ఉన్నాను నాన్నా" అనేవారు.

అలా దాదాపు రెండేళ్లు గడిచాక, వానాకాలంలో, ఊళ్లో మేస్త్రమ్మ తల్లి చనిపోయిందని కబురొచ్చింది. పేటవాళ్లంతా బయల్దేరారు. సరిగ్గా అప్పుడే మా అత్తగారికి జ్వరం ముదిరిందని ఫోను. మేమూ అదే జనరల్ బోగీలో, వాళ్ల మధ్యే ఇరుక్కుని వచ్చాం. మేస్త్రమ్మ దారిపొడుగునా ఏడవలేదు. తలుపు దగ్గర కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. ఆమదాలవలసలో దిగాక మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఆళ్లని ముందెల్లనీ. మనం ఇంకో బస్సుకెల్దాం" అన్నారు. వాళ్లకది వినపడింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

మేం ఇంటికి చేరేసరికి మా అత్తగారు మంచం మీద ఉన్నారు. మామగారు ఇంట్లో లేరు. ఊరి మగవాళ్లంతా పొలం దగ్గర ఉన్నారని, పేటవాళ్లు శవపేటిక గట్టు మీదుగా తీసుకెళ్తామంటున్నారని చెప్పారు. ముందురోజు నుంచి పడ్డ వానకి గెడ్డ పొంగి పారుతోంది. నడుంలోతు నీళ్లలో పెట్టె మోసుకుని ఎవరు దాటగలరు? మేమిద్దరం ప్రయాణం బట్టలతోనే పరిగెత్తాం.

గట్టు మొదట్లో తుమ్మకంప. దానికి ఇటు మా మామగారు, వెనక పది పన్నెండు మంది రైతులు. అటు పేట. నలుగురు మగవాళ్ల భుజాల మీద పెట్టె. చిన్నగా వాన పడుతోంది. పాస్టరుగారు బైబిలు చొక్కా లోపల పెట్టుకుని, గొడవొద్దని ఇరువైపులా చేతులు జోడిస్తున్నారు. మేస్త్రమ్మ కంప దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, మా అమ్మ మీ పొలంలోనే ముసలిదైపోయింది. ఈ ఒక్కపాలికి దారియ్యి."

"ఇస్తాను. నువ్వు తోలుకుపోయినోళ్లందర్నీ రేపు నా ఊడ్పుకి దింపు, ఇస్తాను" అన్నారు మామగారు. "నా పొలం బీడు పెట్టించినావు. పట్నంలో నాలుగు డబ్బులు సూసీసరికి కళ్లు నెత్తికెక్కినాయి. నా కొడుకూ ఉన్నాడు హైదరాబాదులో. ఆఫీసులో మర్యాదగా ఉన్నాడు. మీలాగ మట్టి మోస్తన్నాడేటి?"

పేట మగవాళ్లలో ఒకతను పెట్టె కిందనుంచే, "ఓసి నీ..." అని ఏదో అనబోయాడు. మేస్త్రమ్మ చెయ్యెత్తి, "ఒరే, నోర్ముయ్" అంది. ఆమె కళ్లు ఒక్కసారి నా మీద పడ్డాయి. వెంటనే పక్కకి తిప్పేసుకుంది. మా ఆయన నేల చూస్తున్నారు. ఆమె తడిసిపోయి, తల్లి పెట్టె వెనక ఉంచుకుని, ఇంకా మా గుట్టు కాపాడుతోంది. నాకు నిలబడ్డచోట ఒళ్లు కాలిపోయినట్టు అయింది.

"మావా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మగవాళ్ల మధ్య నేను ఎప్పుడూ నోరెత్తలేదు. "నాను ఈవిడి కిందే పనిసేస్తన్నాను. మట్టే మోస్తన్నాను. మీ అబ్బాయి కూడా అక్కడే కాంక్రీటు పని సేస్తన్నారు. ఆఫీసూ లేదు, ఏటీ లేదు."

మామగారు కొడుకు వైపు చూశారు. కాదంటారని కాబోలు, చాలాసేపు చూశారు. మా ఆయన తల ఎత్తలేదు. మామగారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, గొడుగు అక్కడే మర్చిపోయి, పొలానికి అడ్డంపడి ఇంటివైపు వెళ్లిపోయారు. కొంచెం ఆగి మిగతా రైతులు కూడా ఒక్కొక్కరూ కదిలారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురి కొడుకులు చెన్నైలో ఉన్నారు. ఏం పనిలో ఉన్నారో ఆ పూట ఎవరూ ఎవరినీ అడగలేదు. పేట మగవాళ్లు కంప లాగి పక్కన పడేశారు. పెట్టె నా ముందునుంచే వెళ్లింది. మా ఆయన ఎప్పుడు వెళ్లిపోయారో చూడలేదు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను.

నిజం చెప్పానని నాలో నాకే కాస్త గర్వంగా ఉండింది. అది మర్నాటి దాకా కూడా నిలవలేదు.

మర్నాడు మా అత్తగారికి మందులు తేవడానికి వెళ్తుంటే మేస్త్రమ్మ బస్సు రోడ్డు దగ్గర కనిపించింది. దగ్గరికి వెళ్లి, జీవితంలో మొదటిసారి, "అప్పా" అన్నాను.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నిన్న అలగెందుకు సెప్పినావు? నిన్నెవులడిగినారు?"

"నువ్వు మాటపడతంటే ఊరుకోలేకపోయినాను."

"మా అమ్మ పెట్టె అక్కడుంటే జనమంతా నిన్నే సూసినారు. నీ మొగుడ్నే సూసినారు. పేటలో ఇప్పటికీ మీ కబుర్లే. మా అమ్మ బతికినన్నాళ్లూ మీ పొలంలోనే వంగుంది. పోయిన దినమైనా దాని గురించి మాటాడుకోనియ్యలేదు మీరు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దారెలగూ వచ్చీది. పాస్టరుగోరు మాటాడతన్నారు. లేకపోతే మావోళ్లే కంప పీకీసీవోళ్లు. మాకు సేతులు లేవనుకున్నావా?"

ఆ ముసలామె పేరు చెప్పి ఒక్క ముక్క కూడా నేను అనలేదని అప్పుడు తట్టింది. అంబలి పోసిన చేత్తో ఎన్నోసార్లు ఆమెకు పోసే ఉంటాను. ముఖం సరిగా గుర్తు లేదు.

"పనికి ఎప్పుడొస్తారు?" అని అడిగింది మేస్త్రమ్మ, అదే గొంతుతో.

"రమ్మంటావా?"

"పని పనే" అని బస్సెక్కేసింది.

ఇంట్లో మా అత్తగారు జ్వరంలోనే నన్ను తిట్టారు. ఇంటి మగాళ్ల పరువు బజార్లో పారేశానన్నారు. మామగారు నన్ను తిట్టలేదు, పలకరించలేదు. అరుగు మీదకి వెళ్లడం మానేశారు. కంప మళ్లీ వెయ్యలేదు, వెయ్యనని ఎవరితోనూ అననూ లేదు. మరుసటి పంటకి పొలం కౌలుకిచ్చేశారు. తీసుకున్నది పేట నుంచే, హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన ఒకతను. ఆ ఏడాదే ఊళ్లో రైతుల పిల్లలు బాహాటంగా మేస్త్రమ్మకి ఫోన్లు చేసి పని ఉందా అని అడగసాగారు.

మేమిద్దరం మళ్లీ మేస్త్రమ్మ కింద పనిలోకి వెళ్లాం. మా ఆయన నాతో చాలా నెలలు అవసరానికి తప్ప మాట్లాడలేదు. తర్వాతి వేసవిలో పరంజా మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నారు. మేస్త్రమ్మే ఆటో మాట్లాడింది, ఆసుపత్రిలో నాతో పాటు నిలబడింది, కాంట్రాక్టరుతో గొడవపడింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని మా ఆయన అన్నారు: "నువ్వు ఆ పొద్దు సెప్పీయడమే మంచిదయింది. లేకపోతే నాన్నని ఏటని సెప్పి పిలుద్దుము ఇక్కడికి?"

మామగారు వచ్చారు. కొడుకుని షెడ్డుకి తీసుకొచ్చాక వారం రోజులు మాతోనే ఉన్నారు. పగలంతా రేకుల కింద ఉక్కలో కూర్చునేవారు గానీ బయటికి వచ్చేవారు కాదు. పేట మగవాళ్లు పనికి పోయాకే చన్నీళ్లు పోసుకునేవారు.

ఆ సైటులో రాత్రి కాపలా ఒక ముసలాయనది. ఆయనా పేట మనిషే. ఒకప్పుడు మా అత్తవారింట్లో కంబారి, అంటే ఏడాది పొడుగునా ఉండే పాలేరు. పిల్లలు రమ్మంటే ఆ వయసులో హైదరాబాదు వచ్చేశాడు. ఒక సాయంత్రం కర్ర పట్టుకుని మా షెడ్డు ముందుకొచ్చి, "బాబూ, బాగున్నావా?" అన్నాడు.

మామగారు గబగబా బయటికి వచ్చారు. ఆ వారంలో ఆయన ముఖం తేటగా చూడ్డం అదే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అడగడం మొదలుపెట్టారు. అతనూ అడిగాడు. వానల గురించి, ఎప్పుడో అమ్మేసిన ఎడ్ల జత గురించి, గెడ్డ గురించి. అతను కర్ర మీద ఆనుకుని నిలబడే మాట్లాడుతున్నాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. మామగారి కంటే పెద్దవాడు.

నేను పక్క షెడ్డు నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేశాను. "కూసో తాతా" అన్నాను.

"పర్లేదు కోడలమ్మా" అన్నాడు. కూర్చోలేదు.

మామగారికి కుర్చీ కనిపించింది. ఒక్క మాటంటే అతను కూర్చుంటాడని ఆయనకి తెలుసు. ఏమీ అనకుండా, "ఆ ఎర్రెద్దు ఉన్నాది సూసినావూ..." అని కబురు కొనసాగించారు. మంచం మీంచి మా ఆయన చూస్తున్నారు. దూరంగా కుళాయి దగ్గర మేస్త్రమ్మ కాళ్లు కడుక్కుంటూ ఇటే చూస్తోంది. నాకు తలెత్తి ఆమె వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు. బియ్యం కడగాలన్న నెపంతో లోపలికి వెళ్లి, వాళ్ల మాటలు అయ్యేదాకా అక్కడే ఉన్నాను.